పట్టాభి గీకిన పదమూడు రీడ్లు

పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక సందులో, ఇత్తడి సామాన్ల అంగడికీ మునెమ్మ పూలు కట్టే అరుగుకీ నడుమ పట్టాభి అంగడి ఉంది. చేతులు చాపి నిలబడితే రెండు గోడలూ తగిలేంత వెడల్పు. తండ్రి పెట్టిన అంగడి. హార్మోనియాలు బాగుచేయడం, శ్రుతిపెట్టెలకు తిత్తులు మార్చడం, రీడ్లు సరిచేయడం, అంతే పని. నలభై ఏళ్ళుగా పట్టాభి అదే చేస్తున్నాడు. ఇప్పుడతనికి అరవై ఒకటి.

హార్మోనియంలో పాట మెట్లలో పుడుతుందని చూసేవాళ్ళు అనుకుంటారు. మెట్టు ఒక మూత మాత్రమే. దాని కింద ఇత్తడి పలక ఉంటుంది. పలకలో సన్నని గాడి, ఆ గాడి మీద ఒక కొస మాత్రమే బిగించిన ఇత్తడి నాలుక. దాన్నే రీడు అంటారు. తిత్తి కొట్టగానే గాలి ఆ గాడిలోంచి దూరాలని నాలుకను వంచుతుంది. నాలుక తన బిగువుతో తిరిగి లేస్తుంది. గాలి మళ్ళీ వంచుతుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరుగుతుంటే, తెగి తెగి వచ్చే ఆ గాలే చెవికి ఒక స్వరంగా వినిపిస్తుంది.

నాలుక కొసను ఆకురాయితో కొంచెం గీకితే బరువు తగ్గి తొందరగా ఊగుతుంది, స్వరం పైకి లేస్తుంది. బిగించిన మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి నిదానిస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. సముద్రపు గాలికి పచ్చగా చిలుము పట్టినా కొస బరువెక్కి స్వరం దిగిపోతుంది. అందుకే సముద్రం ఒడ్డునున్న వైతికుప్పం నుంచి వచ్చే హార్మోనియం పెట్టెలు ఏడాదికొకసారైనా పట్టాభి బల్ల మీదికి వచ్చేవి.

మంచి పెట్టెలో ఒక్కో మెట్టుకు రెండేసి రీడ్లు ఉంటాయి. రెండూ ఒకే వేగంతో ఊగాలి. కొంచెం తేడా వచ్చిందా, రెండు స్వరాలూ ఒకసారి కలిసి పెద్దవై, ఒకసారి ఎదురై చిన్నవై, “వావ్... వావ్...” అని ఊగుతాయి. పట్టాభి దాన్ని ఊపు అనేవాడు. ఊపు పోయేదాకా గీకడమే విద్య. ఆ విద్యలో అతన్ని మించినవాడు ఈ తీరంలో లేడని సంగీతం మాస్టర్లు అనేవాళ్ళు. ఆ మాట అతను చొక్కా తొడుక్కున్నంత సహజంగా తొడుక్కుని తిరిగేవాడు.

ఆరేళ్ళ కింద అటక మీది నుంచి పెట్టె దించుతూ జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పడానికి రెండు నెలలన్నారు. చేతిలో ఉన్న పని ఆగకూడదని భార్య వసంతకుమారిని అంగడికి తీసుకొచ్చాడు. ఆమె అప్పటిదాకా ఇంట్లో రవికలు కుట్టేది. సన్నని పని ఆమె వేళ్ళకు కొత్త కాదు. అతను వింటాడు, చెప్తాడు. ఆమె గీకుతుంది. చెవి అతనిది, చెయ్యి ఆమెది. మొదటి నెల బాగానే జరిగింది. భార్యకు పని నేర్పుతున్నానని అతను సందులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

లాస్‌పేటలో పిల్లలకు పాట చెప్పే శివరామన్ మాస్టరు పెట్టె సరిచేస్తున్న రోజున అది జరిగింది. పై షడ్జం దగ్గర వసంత ఆకురాయి పక్కన పెట్టింది.

“ఇంకొంచెం గీకు,” అన్నాడు పట్టాభి.

“చాలు మామా. ఇంక గీకితే దాటిపోతాది.”

“ఊపు ఇంకా ఉండాది. గీకమంటే గీకు.”

“యాడుంది ఊపు? నాకు వినపడలా.”

“నీకేం తెలుసని? ముప్పై ఏండ్లకు పైగా విన్న చెవి ఇది.”

ఆమె గీకింది. అతను తల ఊపాడు. పెట్టె మూశారు.

నాలుగు రోజులకు శివరామన్ పెట్టె చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. “ఏంది పట్టాభీ, పై షడ్జం మిగతావాటితో కలిసేదే లేదు. పిల్లోళ్ళు కూడా కనుక్కున్నారప్పా!”

వసంత పెట్టె అందుకుంది. పెట్టె విప్పి, ఆ రీడు మొదలు దగ్గర రెండు గీతలు గీకి, అరగంటలో సరిచేసి ఇచ్చింది. “నేను అప్పుడే చెప్పినా కదా” అని ఆమె ఒక్క మాట అని ఉంటే పట్టాభి కోప్పడి ఊరుకునేవాడు. ఆమె అనకపోవడమే అతనికి మింగుడుపడలేదు.

కట్టు విప్పారు. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. ఆకురాయి పట్టుకోగలడు గానీ గీత నేరుగా రాదు, ఏటవాలుగా పోతుంది. వసంతను ఇంటికి పొమ్మనే మాట అతను అనలేదు, ఆమె వెళ్ళనూ లేదు. ఇద్దరూ రెండు బల్లల దగ్గర కూర్చున్నారు. ఏడాది తిరిగేసరికి అంగడికి వచ్చేవాళ్ళు గుమ్మంలో నిలబడి, “అక్క ఉండారా?” అని అడగడం మొదలుపెట్టారు.

మొదట్లో అతను నవ్వి, “ఉండాది. నేనే నేర్పినా,” అనేవాడు. తరువాత్తరువాత ఆ మాట ఎవరూ వినిపించుకోవడం లేదని తెలిసి మానేశాడు. అక్క లేదంటే రేపొస్తామని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఎవరైనా పెట్టె వాయించి చూసి “ఆహా” అంటే, ఆ “ఆహా” ఎవరి వైపు తిరిగి అన్నారో అతను తలెత్తకుండానే కనిపెట్టేవాడు. సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు ఆ రోజు ఎవరు ఆమెను ఏ మాటలతో మెచ్చుకున్నారో వరసగా గుర్తొచ్చేవి. అన్నం దగ్గర పులుసులో ఉప్పు జాస్తి అయిందని విసుక్కునేవాడు. ఉప్పు సరిగానే ఉండేది.

ఒకరోజు ఆమె రాకముందే వచ్చి, ఆమె బల్లను వాకిలి దగ్గర్నుంచి లోపలికి జరిపాడు. వెలుతురు కోసం అన్నాడు. అక్కడ వెలుతురు తక్కువ. వసంత బల్ల వైపు, అతని వైపు చూసి, లైటు వేసుకుని పని మొదలుపెట్టింది.

పక్క అరుగు మీది మునెమ్మ పూలు కడుతూ అంతా చూసింది. “ఏం పట్టాభన్నా, ఇంక నీకు రిటైర్‌మెంటే పో,” అని నవ్వింది. ఆమె ఎగతాళికే అంది. పట్టాభి వారం రోజులు ఆమె అరుగు వైపు చూడలేదు.

అనుప్రియ వసంత అక్క కూతురు. కాలాపేట యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది. ప్రాజెక్టుకు హార్మోనియం రీడ్లు తీసుకున్నానంటూ ఒక మధ్యాహ్నం ఈసీఆర్ తీరం రోడ్డు బస్సు దిగి అంగడికి వచ్చింది. లాప్‌టాప్, మైకు, చిన్న స్పీకరు బల్ల మీద పరిచింది. పట్టాభికి సరదా వేసింది. ఇన్నాళ్ళకు తన పనిని చదువుకున్నవాళ్ళు పట్టించుకున్నారు. రీడ్లు ఒక్కొక్కటే తీసి, దేన్ని ఎందుకు గీకాలో ఆ పిల్లకు చెప్పాడు. ఆ పిల్ల రాసుకుంది. అప్పుడు వసంత టీ తెచ్చి పెడుతూ, ఆ పిల్ల మోగించి చూస్తున్న రెండు రీడ్లు విని, “ఈ రెండిట్లో ఒకటి రవంత తక్కువుంది,” అంది.

పట్టాభి రెండూ మోగించి విన్నాడు. “తేడా లేదు. సరిగా ఉండాయి.”

అనుప్రియ మైకు పెట్టి చూసింది. “పిన్నమ్మ చెప్పిందే నిజం చిన్నాయనా. సెకనుకి అర ఊపు తేడా ఉండాది.”

“అర ఊపు ఎవురికి వినపడతాది?” అన్నాడు పట్టాభి.

“కిందనైతే వినపడేది కష్టం. ఒక రీడు మోగేటప్పుడు ఒక్క స్వరమే రాదు కదా. సెకనుకి ఐదొందలసార్లు ఊగే రీడు ఉందనుకో, దాంతోపాటే వెయ్యి, పదైదొందలు, రెండు వేలు, అట్ల పైపైన చిన్న స్వరాలు చాలా మోగతా ఉంటాయి. కింద అర ఊపు తేడా ఉంటే, పదో స్వరం కాడికి పొయ్యేసరికి అది పది రెట్లయి ఐదు ఊపులైతాది. ఆ పైది వినపడే చెవికి ఈ తప్పు దాగదు. పిన్నమ్మకి అదే వినపడతా ఉంది.”

“నాకు వినపడలేదనా?”

“అట్ల కాదు చిన్నాయనా. వయసైతే అందరికీ పైన ఉండే సౌండ్లు తగ్గతాయి. చూస్తారా ఇద్దరూ? ఆటలాగా చేద్దాం. కండ్లు మూసుకోండి. సౌండు వినపడినంతసేపు చెయ్యి పైకెత్తి పెట్టుకోండి. వినపడకపోతే దించండి.”

వసంత కళ్ళు మూసుకుని చెయ్యెత్తింది. పట్టాభీ ఎత్తాడు. స్పీకరులోంచి సన్నని కూత మొదలై పైకి పైకి పోయింది. నాలుగు వేలు దాటుతున్నామని అనుప్రియ చెప్పింది. కాసేపటికి పట్టాభికి స్పీకరులోంచి ఏమీ రాలేదు. బయట సందులో తోపుడుబండి చప్పుడు, మునెమ్మ ఎవరితోనో బేరమాడడం, అంతే. అతను కళ్ళు కొంచెం తెరిచాడు. వసంత కళ్ళు మూసే ఉన్నాయి, చెయ్యి నిటారుగా ఉంది. తన చెయ్యీ అలాగే ఉంచాడు. ఐదు వేలు. ఏడు వేలు. తొమ్మిది వేలు. అతని భుజం నొప్పి పుట్టింది. ఆమె చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని రెప్పల సందులోంచి చూస్తున్నాడు. దిగింది. అతను కావాలని తన చెయ్యి దించలేదు. మనసులో నాలుగు లెక్కపెట్టి అప్పుడు దించి, కళ్ళు తెరిచాడు.

అనుప్రియ పగలబడి నవ్వుతోంది. “చిన్నాయనా, దొంగాట ఆడినావు! పదకొండు వేల కాడ నేను సౌండే ఆపేసినా. పిన్నమ్మ దించేసింది. నువ్వు ఏం వింటా ఉన్నావు?”

పట్టాభి కూడా నవ్వాడు. నవ్వాలి కాబట్టి గట్టిగా నవ్వాడు. వసంత నవ్వలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. అనుప్రియ నవ్వు అతను రెండు రోజుల్లో మరిచిపోయాడు. వసంత నవ్వకపోవడాన్ని మరవలేకపోయాడు. ఆమెకు ఎప్పటినుంచో తెలుసన్నమాట. తెలిసీ దాస్తోంది. తనను చూసి జాలిపడుతోంది. పక్కన కూర్చుని పనిచేస్తున్న మనిషి జాలి పడుతుంటే, ఆమె ఆకురాయి చప్పుడు కూడా అతనికి పడేది కాదు.

ఆ కార్తీకంలో మురుంగపాక్కం నుంచి పంకజవల్లి వచ్చింది. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ భజన గుంపును ఆమే నడుపుతుంది. మార్గళి నెలంతా, అంటే ధనుర్మాసమంతా, తెల్లవారుజామున పాడతారు. పాత పెట్టె ఒకటి దొరికిందని, దాన్ని నెలలోపు బాగుచేసి ఇవ్వాలని ఆటోలో తెచ్చింది. వసంత బజారుకు పోయి ఉంది.

“పెట్టండమ్మా, చేసిస్తాను,” అన్నాడు పట్టాభి.

“సరి అన్నా. కానీ ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. అక్క చేత్తోనే చెయ్యించండి.”

“ఆమె చేత్తోనే చెయ్యిస్తాలెండి,” అన్నాడు. ఆమె పోయాక ఆ పెట్టెను చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు.

వసంత ఆ పెట్టె మీద తొమ్మిది రోజులు పనిచేసింది. తిత్తి అతుకులు పట్టాభే వేశాడు. రీడ్లన్నీ ఆమె చేసింది. తొమ్మిదో రోజు ఆమె తిత్తి కొట్టి ఒక మెట్టు నొక్కిపట్టింది. రెండు రీడ్లు మోగుతున్నా ఒక్క రీడే మోగుతున్నట్టుంది. ఆ మాత్రం పట్టాభికీ తెలిసింది. తన మంచి రోజుల్లో కూడా తను ఇంత శుభ్రంగా చేశాడో లేదో అతనికి గుర్తు రాలేదు.

మర్నాడు కాలాపేటలో చుట్టాలింట్లో సీమంతం. వసంత పొద్దున్నే బస్సెక్కింది. పట్టాభి అంగడి తెరిచాడు. మధ్యాహ్నం సందులో అన్ని అంగళ్ళూ సగం తలుపులు వేసుకున్న వేళ, అతను కూడా తలుపు దగ్గరికి లాగి, పంకజవల్లి పెట్టెను బల్ల మీద పెట్టి మూత విప్పాడు.

పెద్దగా ఏమీ చెయ్యకూడదనుకున్నాడు. పై స్థాయిలో ఒకటి రెండు రీడ్లు కొంచెం చెడితే చాలు. పాట మధ్యలో ఎక్కడో పళ్ళు పులిసినట్టుంటే, ఆ భజన ఆడవాళ్ళు వచ్చి “ఏందక్కా ఇట్ల చేసినావు” అంటే చాలు. ఒక్కసారి అంటే చాలు.

మొదటి రీడు కొసను రెండు గీతలు గీకాడు. మోగించాడు. దాని జోడీతో కలిపి వింటే సెకనుకు రెండు ఊపులు. బాగుంది. రెండో రీడు గీకాడు. అది మూడు ఊపులు పోయింది. అది అతనికి నచ్చలేదు. దాని మొదలు దగ్గర చిన్న గీత గీకి రెండుకు దించాడు. మూడోది మొదలుపెట్టేసరికి ఎందుకు గీకుతున్నాడో పక్కకు పోయింది. ఒక మెట్టు రెండు ఊపులు ఊగి, పక్క మెట్టు ఒకటిన్నర ఊగితే ఆ చెయ్యి ఒప్పుకోలేదు. గడియారం పక్కన పెట్టుకుని, ఒక్కో రీడు గీకి, విని, లెక్కపెట్టి, మళ్ళీ గీకి, పై స్థాయిలో షడ్జం నుంచి షడ్జం దాకా, నల్లమెట్లవి కూడా కలిపి, పదమూడు రీడ్లూ ఒకే తీరుగా పెట్టాడు. నాలుగు గంటలకు మూత బిగించేటప్పుడు మంచి పని ముగించిన తృప్తి కలిగింది. అది ఏ పనో గుర్తొచ్చి ముఖం కడుక్కున్నాడు.

సాయంత్రమే పంకజవల్లి మనిషిని పంపించి పెట్టె తెప్పించుకుంది. వసంత వచ్చేసరికి అది లేదు.

పట్టాభి ఎదురుచూశాడు. మార్గళి వచ్చింది. ఒక రోజు, మూడు రోజులు, వారం. ఎవరూ రాలేదు. సందు చివర ఆటో ఆగితే అతను పని ఆపి చూసేవాడు. భయమో ఆశో అతనికే తెలియలేదు.

పదో రోజు పంకజవల్లి వచ్చింది, చేతిలో చక్కెర పొంగలి డబ్బాతో. గుమ్మంలోంచే మాట మొదలుపెట్టింది.

“అక్కా! ఏం చేసినావక్కా ఆ పెట్టెని! మేము పైకెత్తుకోని పాడేటప్పుడు నీళ్ళ మీద వెలుగు కదిలినట్టు అల్లాడతా ఉంది. పక్కన పదిమంది గొంతు కలిపినట్టు ఉండాది. పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి కూసోని వింటా ఉన్నారు.”

వసంత డబ్బా అందుకుంటూ ఆగింది. “అల్లాడతా ఉందా?”

“ఆమా, అవునక్కా! నిండా బాగుండాది. మా పరిమళ వాళ్ళ గుంపు పెట్టెకీ అట్లనే చెయ్యాలంట. రేపు తీసుకోని వస్తాను.”

“నేను ఊపు లేకుండా కదా పెట్టినా,” అంది వసంత. “రేపు నీ పెట్టె కూడా తీసుకురా. ఒకసారి చూస్తా.”

పట్టాభి తన బల్ల మీద వంగి తిత్తికి తోలు అతికిస్తున్నాడు. అతని చెవులు వేడెక్కాయి. దొరికిపోతానన్న భయం ఒక పక్కన ఉంది. దానికన్నా పెద్దది ఇంకొకటి లేచింది. పది గొంతుకలు కలిపినట్టు ఉందట. ఆ పదమూడు రీడ్లూ అతను గీకినవి. రెండున్నర గంటలు చెమటోడ్చి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి అతను పెట్టిన ఊపు అది. దానికీ ఆమెనే పొగుడుతున్నారు. ఈ ఐదేళ్ళలో అతని పనిని ఎవరైనా అంతగా మెచ్చుకున్నది ఇదొక్కటే, అదీ ఆమె ఖాతాలోకే పోయింది. రాత్రి అన్నం సగంలో లేచాడు. వసంత ఏమైందని అడిగింది. కడుపులో బాగాలేదన్నాడు.

మర్నాడు పదకొండింటికి పంకజవల్లి, పరిమళ రెండు పెట్టెలతో వచ్చారు. పరిమళ నడివయసు మనిషి, పెద్దగా మాట్లాడదు. పాట విందామని మునెమ్మ కూడా అరుగు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. పంకజవల్లి తిత్తి కొట్టి పై స్థాయిలో నాలుగు మెట్లు నొక్కింది. స్వరం మెల్లగా, సమంగా ఊగింది. అన్ని మెట్లూ ఒకే లెక్కన ఊగాయి.

వసంత తల పక్కకు వంచి వింది. మూత విప్పింది. పలకను వెలుతురుకు పట్టుకుంది. పదమూడు నాలుకల కొసల మీదా కొత్త గీతలు మెరిసిపోతున్నాయి. అన్నీ ఏటవాలు గీతలు. ఆమె ఎప్పుడూ పొడుగునా నేరుగా గీకుతుంది.

పట్టాభి ఆమెనే చూస్తున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. పలకను మెల్లగా దాని చోట పెట్టి, మూత వేసింది.

“ఏందక్కా, ఎట్ల చేసినావు? పరిమళ పెట్టెకీ కుదురుతాదా?” అడిగింది పంకజవల్లి.

“ఏమో, అట్ల కుదిరిపోయింది,” అంది వసంత. “చూస్తాలే.”

“పనితనం అంటే నీదేనక్కా!”

పట్టాభి చేతిలోని తోలుముక్క కింద పడేశాడు. “అది ఆమె చెయ్యలా. నేను చేసినా.”

అందరూ అతని వైపు తిరిగారు.

“ఆ పదమూడు రీడ్లూ నేను గీకినవి. ఒక్కోటి సెకనుకి రెండు ఊపులు. లెక్కపెట్టి పెట్టినా. ఎవురన్నా చెయ్యమను చూస్తాను! ఈమె చేసిందాంట్లో ఊపే లేదు. మీరు ఆహా ఓహో అంటా ఉండేది నా పనిని.”

పంకజవల్లి నోరు తెరిచి వసంతను చూసింది. వసంత ముఖం పాలిపోయింది. అంతవరకు అతన్ని కాపాడడానికి ఆడిన అబద్ధాన్ని అతనే చించేశాడు. ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడింది.

“ఎందుకు చేసినావో అది కూడా చెప్పు మామా,” అంది నెమ్మదిగా.

అతను వంగి తోలుముక్క తీసుకున్నాడు.

“చెప్పు. నేను తొమ్మిది రోజులు కూసోని ఊపు తీసినా. నేను ఊర్లో లేనప్పుడు నువ్వు దాన్ని విప్పి మళ్ళీ పెట్టినావు. బాగుంటాదని పెట్టినావా?”

బాగుంటుందనే చేశానని అనడం తేలిక. అంటే నమ్మేవాళ్ళు కూడా. పట్టాభి నోటి దాకా వచ్చింది. కానీ వసంత కళ్ళు అతని ముఖం మీదినుంచి కదల్లేదు. ఈ మనిషికి తను దాచినవన్నీ వినపడతాయని అతనికి తెలుసు.

“చెడిపోవాలని చేసినా,” అన్నాడు. “అందరూ నిన్నే అడగతా ఉండారు. నీకు చెడ్డపేరు రావాలని చేసినా.”

సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మునెమ్మ గుమ్మంలోంచి వెనక్కి జరిగి తన అరుగు మీదికి వెళ్ళిపోయింది. పరిమళ నేల చూసింది.

“మా పాటనా అన్నా?” అంది పంకజవల్లి చివరికి. “అక్క మీద కోపానికి మా పాటని చెడగొట్టాలని చూసినావా? ఏడిండ్ల ఆడవాళ్ళం చలిలో లేచి వచ్చి దాని ముందర కూసుంటా ఉన్నాము.”

అతను లేచి నిలబడ్డాడు. తప్పయిందన్నాడు. ఆమె పెట్టె ఎత్తుకుంది. గుమ్మం దాటబోతూ వసంతతో, “దీన్ని మార్చొద్దక్కా. ఇట్లనే ఉండనీ. మాకు అలవాటైంది,” అంది. పరిమళ మాత్రం తన పెట్టెను వసంత బల్ల మీదే వదిలి వెళ్ళింది.

ఆ రోజు వసంత తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పదకొండు రోజులు ఆమె అంగడికి వచ్చింది, పని చేసింది, వంట చేసింది, మాట్లాడలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం, ఇద్దరూ అన్నం డబ్బాలు విప్పుకుంటుండగా నోరు తెరిచింది.

“నా మీద కోపముంటే నన్ను అనాల. నా పని మీద చెయ్యి పెట్టేది ఏంది మామా? ఆ తొమ్మిది రోజులు నావి.”

“నాకు వినపడేది లేదు వసంతా,” అన్నాడు పట్టాభి. ఆ మాట బయటికి అనడం అదే మొదలు. “నువ్వు తల వంచి వింటావే, అప్పుడు నువ్వు ఏం వింటా ఉండావో నాకు తెలియలా. నేను పుట్టినప్పటినుంచీ ఉండే అంగట్లో నాకు వినపడనిది నీకు వినపడతా ఉంది. ఓర్చుకోలేకపోయినా.”

“నాకు నాలుగేండ్లుగా తెలుసు.”

“తెలిసి చెప్పలా.”

“చెప్తే ఓర్చుకుంటావా?”

అతను డబ్బా మూసేశాడు. ఓర్చుకునేవాడు కాడని ఇద్దరికీ తెలుసు.

అనుప్రియ వెంట వెళ్ళి చెవి పరీక్ష చేయించుకున్నాడు. ఏళ్ళ తరబడి రీడ్లను చెవి దగ్గర పెట్టుకుని విన్నందువల్ల కూడా కావచ్చు, వయసు వల్ల కూడా కావచ్చు, పై ధ్వనులు బాగా తగ్గాయన్నారు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు తేటగా వినిపించాయి గానీ, రీడు మోగిస్తే రేకు గీరినట్టుంది. పని దగ్గర దాన్ని తీసేసి, మనుషులు వచ్చినప్పుడు పెట్టుకుంటాడు. తిత్తులు, కట్టె పని, రీడ్లు మొదటి విడత గీకడం అతనిది. చివరి శ్రుతి వసంతది. ఈ ఏర్పాటు గురించి వాళ్ళు కూర్చుని మాట్లాడుకోలేదు. బల్లలు మాత్రం మళ్ళీ వాకిలి దగ్గర పక్కపక్కన వేశారు.

ఊపు పెట్టడం మాత్రం అతనిదే అయింది. పరిమళ పెట్టెకు వసంత ప్రయత్నించింది. ఊపు పెట్టబోయిన ప్రతిసారీ ఆమె చెయ్యి దాన్ని తీసేసే దాకా ఆగేది కాదు. రెండు రోజులు తంటాలు పడి, “ఇది నా వల్ల కాదు, నాకు పండ్లు పులస్తా ఉండాయి,” అని అతని బల్ల మీదికి తోసింది. పట్టాభి ఒక్క పూటలో చేసి ఇచ్చాడు. పరిమళ వాయించి, అతని వైపు తిరిగి, “బాగుంది అన్నా,” అంది. రెండే మాటలు. ఆ రోజు పట్టాభి ఇంటికి పోతూ సముద్రం దాకా నడిచాడు.

ఇప్పుడు ఏడాదికి పది పన్నెండు పెట్టెలు ఊపు కోసం వస్తున్నాయి. పంకజవల్లి మాత్రం రాదు. ఆమె పెట్టె చిలుము పట్టి దిగిపోయినప్పుడు వసంత మురుంగపాక్కం వెళ్ళి అక్కడే సరిచేసి వస్తుంది. పట్టాభి బస్‌స్టాండు దాకా సామాను మోసి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాడు.

అసూయ పోయిందా అంటే, పోలేదు. మొన్న కూడా అతను ఒక పెట్టెకు ఊపు పెట్టి ముగించాక వసంత లేచి వచ్చి వింది.

“ఎనిమిదోది రవంత తొందర,” అంది.

“లేదు.”

“ఉంది మామా.”

అతను ఆకురాయి చేతిలోకి తీసుకుని, తీసుకున్నాక ఆగాడు. “నీకు ఇప్పుడు ఏం వినపడతా ఉంది? చెప్పు.”

ఆమె తిత్తి కొట్టి ఆ మెట్టు నొక్కిపట్టింది. “కింద లావుగా ఒకటి. దాని మీద ఇంకోటి, సన్నగా. దానికి పైన చిన్న చిన్నవి చాలా. అన్నిటికన్నా పైన ఒకటి ఉండాది, మినుకుమినుకుమంటా పరుగెత్తతా ఉంది.”

“పరుగెత్తతా ఉందా?”

“ఆమా.”

అతను చెవి పెట్టె దగ్గరికి వంచాడు. లావుది వినిపించింది. సన్నది వినిపించింది. ఆమె మెట్టు వదల్లేదు, అతను లేచేదాకా తిత్తి కొడుతూనే ఉంది. పట్టాభి లేచి, సగం నమ్మి సగం నమ్మక, ఎనిమిదో రీడు మొదలు దగ్గర ఒక గీత గీకాడు.